మూడు తరాల ఎమ్‌ఎక్స్-5, ఒక్క బోల్టు: రిపేరు డైరీ

ఈ విడత పనంతా క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇంజన్ ప్రధాన ఇరుసు) ముందు కొస చుట్టూ నడిచింది. షెడ్డులో ఉన్నవి మూడు మజ్డా ఎమ్‌ఎక్స్-5లు, రెండు సీట్ల గుడ్డ టాపు కార్లు, ఒక్కోటి ఒక్కో తరం: 1990 ఎన్‌ఏ (1.6 లీటర్లు), 1999 ఎన్‌బీ (1.8), 2006 ఎన్‌సీ (2.0). మూడింటికీ పుల్లీ మధ్యలో ఒక పెద్ద బోల్టు ఉంటుంది, చూడ్డానికి ఒకే పని. మూడింటిలోనూ ఆ బోల్టు చేసే పని మాత్రం వేరు. ఎన్‌ఏ అలవాటుతో ఎన్‌సీ మీద చెయ్యి వేస్తే ఇంజనే పోతుంది. అందుకే కార్లవారీగా కాకుండా ఆ బోల్టు వెంటే రాసుకుంటూ వస్తున్నాం. మిగతా చిన్న పనులు మధ్యలో ఎక్కడ తగిలితే అక్కడ.

ఎన్‌ఏ: ముందు గాడులు లెక్కపెట్టాలి

1989లో వచ్చిన 1.6 ఇంజన్ మొదటి బ్యాచ్‌లలో క్రాంక్ కొస పొట్టిగా ఉంటుంది. దీన్ని అందరూ షార్ట్ నోస్ అనే పిలుస్తారు. 1991 మధ్యలో కంపెనీ దాన్ని పొడవు చేసింది. ఏది ఏదో తెలుసుకోవడానికి ఏదీ ఊడదీయక్కర్లేదు. టార్చి వేసి కింది పుల్లీ ముందు ముఖం మీది గాడులు చూస్తే చాలు. నాలుగుంటే పొట్టిది, ఎనిమిదుంటే పొడవుది. మన కారుకు నాలుగే. కారు తయారైన సంవత్సరాన్ని నమ్ముకోవద్దు, ఇంజన్ మార్చిన కార్లు చాలా తిరుగుతున్నాయి. గాడులు అబద్ధం చెప్పవు.

పొట్టి కొసతో వచ్చే చిక్కు ఇది. పుల్లీ బాస్‌ను (పుల్లీ బిగించే మధ్య దిమ్మను), టైమింగ్ బెల్టు (క్రాంక్‌నూ వాల్వులు తెరిచే క్యామ్‌లనూ కలిపి తిప్పే బెల్టు) చక్రాన్ని క్రాంక్ మీద కదలకుండా పట్టి ఉంచేది అసలు బోల్టు బిగువే. చిన్న అర్ధచంద్రపు కీ (క్రాంక్ గాడిలో కూర్చునే లోహపు ముక్క) ఉన్నది చక్రం సరైన కోణంలో కూర్చోవడానికి, బరువు మోయడానికి కాదు. ఎప్పుడో బెల్టు మార్చినవాళ్లు బోల్టు తక్కువ బిగించారంటే ప్రతి పిస్టన్ దెబ్బకీ ఆ కీ మీద బరువు పడుతుంది. కీ గాడి అంచులు నలిగి వెడల్పవుతాయి, చక్రం ఊగుతుంది, టైమింగ్ వెనక్కి జారుతుంది. బండి లాగడం తగ్గుతుంది. డిస్ట్రిబ్యూటర్ స్థానంలో ఉండే క్యామ్ యాంగిల్ సెన్సర్‌ను మాటిమాటికీ సర్దుతూ పోతారు. కొన్నాళ్లకు అదీ చాలదు. అప్పటికి కొసే పాడైపోయి ఉంటుంది, ఇంజన్ దింపి క్రాంక్ మార్చాల్సిన స్థితి.

అందుకే ఏమీ విప్పకముందే ఇంజన్‌ను ఐడిల్‌లో పెట్టి పుల్లీ అంచును పక్కనుంచి చూశాం. అంచు ముందుకూ వెనక్కూ ఊగితే అనుమానించాలి. మనది ఊగలేదు. రబ్బరు పగిలిన పుల్లీ కూడా ఊగినట్టే కనిపిస్తుంది కాబట్టి పుల్లీ తీశాక మధ్య బోల్టు తలను కూడా ఓసారి చూసుకోవాలి. అది కూడా ఊగితే తప్పు కొసలోనే.

విప్పే వరస ఇలా సాగింది. బ్యాటరీ నెగటివ్ తీసేశాం. దాని మూత చూస్తూనే చెప్పుకోవాల్సిన మాట: ఎన్‌ఏ బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, గ్యాసు బయటికి పోయే గొట్టం తప్పనిసరి. ఆ గొట్టం లేని మామూలు బ్యాటరీ పెట్టిన కార్లలో ఆ మూల డిక్కీ రేకు యాసిడ్ ఆవిరికి తినేసుకుపోతుంది. తర్వాత కూలెంట్ దించాం, మొత్తం పట్టేది 6 లీటర్లు. పై హోసు, గాలి పైపు, బెల్టులు, వాటర్ పంపు పుల్లీ, వాల్వు కవరు, స్పార్క్ ప్లగ్గులు తీశాం. ప్లగ్గులు తీస్తే కంప్రెషన్ ఉండదు, క్రాంక్‌ను చేత్తో నిదానంగా తిప్పొచ్చు. ముందు నుంచి చూస్తే ఎప్పుడూ గడియారం తిరిగే దిక్కుకే తిప్పాలి.

బయటి పుల్లీ నాలుగు చిన్న బోల్టులతో, 10 మి.మీ. తలలతో, పుల్లీ బాస్‌కు బిగించి ఉంటుంది. వాటి బిగువు 12 నుంచి 17 న్యూటన్ మీటర్లు మాత్రమే. ముందు సీలు మార్చాలంటే 21 మి.మీ. తల ఉన్న మధ్య బోల్టు కూడా ఊడాలి. బండిని అయిదో గేర్లో పెట్టి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుంటే పొడుగు రాడ్డుతో వదులవుతుంది. స్టార్టర్ మోటార్‌తో గుంజి బోల్టు వదులు చేసే పద్ధతి పొట్టి కొస మీద అసలు వద్దు. ఆ ఒక్క దెబ్బే కీ గాడిని నలిపేయగలదు.

బోల్టు వచ్చాక కొసను బ్రేకు క్లీనర్‌తో తుడిచి, కీ గాడి రెండు గోడలనూ గోటితో తడిమి చూడాలి. గోరు ఎక్కడా పట్టుకోకూడదు. కీని గాడిలో పెట్టి పక్కలకు కదిపితే కదలకూడదు. మన గాడి బాగానే ఉంది. చక్రాన్ని కొత్త కీతో, కొత్త బోల్టుతో కూర్చోబెట్టాం. గాడి కొద్దిగా నలిగిన కార్లకు చాలామంది చేసేది లాక్‌టైట్ 660 (లోహపు సందులు నింపే జిగురు)తో ఆ ఖాళీ నింపి కూర్చోబెట్టడం. అది పని చేస్తుంది, కానీ షరతులున్నాయి. నూనె చుక్క కూడా లేకుండా శుభ్రం చేయాలి, పూర్తిగా గట్టిపడే వరకు, అంటే ఓ రోజంతా, ఇంజన్ ముట్టుకోకూడదు. గాడి గోడ విరిగిన క్రాంక్‌కు ఇది మందు కాదు.

మధ్య బోల్టు బిగువు: పొట్టి కొసకు 108 నుంచి 118 న్యూటన్ మీటర్లు, పొడవు కొసకు 157 నుంచి 167. ఈ తేడాను టార్క్ రెంచ్ హ్యాండిల్ మీద టేపు అంటించి రాసుకోవడం మంచిది. పొట్టి దాన్ని 160కి లాగితే మరలు సాగుతాయి, పొడవు దాన్ని 110 దగ్గర వదిలేస్తే పైన చెప్పిన రోగం ఇక్కడా మొదలవుతుంది.

బెల్టు పళ్ల లెక్క

టైమింగ్ బెల్టు గడువు లక్ష కిలోమీటర్లు. గడువు రాకపోయినా ఈ కార్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి వయసు చూసి మార్చేయాలి. వాటర్ పంపును తిప్పేది ఆల్టర్నేటర్ బెల్టే అయినా, పంపు ఉన్నది టైమింగ్ కవర్ల వెనక. బెల్టు తీయకుండా పంపు రాదు. అందుకే రెండూ కలిపే చేయాలి. క్యామ్ సీళ్లు రెండు, క్రాంక్ ముందు సీలు, టెన్షనర్, ఐడ్లర్ కూడా ఈ దఫాలోనే. సీళ్లు చవక, శ్రమంతా వాటి దాకా చేరడంలోనే ఉంది.

క్యామ్ చక్రాలు రెండూ ఒకే రకం. ప్రతి దాని మీదా ఇంగ్లిష్ అక్షరాలు ఐ, ఇ రెండూ పోతపోసి ఉంటాయి. ఇన్‌టేక్ వైపు ఐ అక్షరం, ఎగ్జాస్ట్ వైపు ఇ అక్షరం వెనక ప్లేటు మీది గుర్తులకు ఎదురుగా రావాలి. గుర్తులు కుదిరాయని సంబరపడి ఊరుకోకుండా ఐ నుంచి ఇ దాకా బెల్టు పళ్లు లెక్కపెట్టాలి. 19 రావాలి. పక్క నుంచి చూసినప్పుడు కంటికి గుర్తు సరిగ్గా ఉన్నట్టే అనిపించి ఒక పన్ను తేడా పడడం ఇక్కడ మామూలు. 18 లేదా 20 అయితే బండి స్టార్ట్ అవుతుంది, నడుస్తుంది కూడా, కానీ ఎప్పటికీ సరిగ్గా లాగదు.

టెన్షనర్‌ది ఇంకో తిరకాసు. బెల్టు వేశాక టెన్షనర్ బోల్టు వదులు చేసి స్ప్రింగ్‌కు వదిలేస్తే చాలనుకుంటారు. చాలదు. క్యామ్ లోబ్‌ల మీద వాల్వు స్ప్రింగులు తోస్తుంటే బెల్టు ఒక వైపు బిగుతుగా, ఇంకో వైపు వదులుగా ఉంటుంది. క్రాంక్‌ను ఒక పూర్తి చుట్టూ, ఆ పైన ఆరింట అయిదు వంతులూ తిప్పి చక్రం మీది గుర్తును టెన్షన్ గుర్తుకు తెచ్చాకే టెన్షనర్ బోల్టు వదలాలి. స్ప్రింగ్ లాగినంత లాగాక చేత్తో తోయకుండా 38 నుంచి 51 న్యూటన్ మీటర్లకు బిగించాలి. మళ్లీ రెండు చుట్లు, పైన ఆరో వంతు తిప్పి క్యామ్ చక్రాల మధ్య బెల్టును 10 కిలోల బలంతో నొక్కితే 9 నుంచి 11.5 మి.మీ. దిగాలి. మనకు 10 దగ్గర ఆగింది. ఎక్కువ బిగుతైన బెల్టు గుయ్యిమని మోత పెడుతుంది, పంపు బేరింగ్‌ను కాదు గానీ టెన్షనర్ బేరింగ్‌ను తినేస్తుంది.

ఎన్‌ఏలో ఒక ఊరట ఉంది. బెల్టు తెగినా ఈ ఇంజన్‌లో వాల్వులు పిస్టన్లకు తగలవు. బండి ఆగిపోతుంది, అంతే. ఈ ఊరటే అలవాటై తర్వాతి తరాల దగ్గర కొంప ముంచుతుంది.

వాల్వు కవరు వేసేటప్పుడు గాస్కెట్‌తో పాటు ముందు, వెనక క్యామ్ క్యాపులు ఇంజన్ తలకు (సిలిండర్ హెడ్‌కు) కలిసే మూలల్లో చిన్న బొట్టు సిలికాన్ పెట్టాలి. కవరు బోల్టులకు 5 నుంచి 9 న్యూటన్ మీటర్లే. ఇక్కడ చేతి బలం చూపిస్తే అల్యూమినియంలో మర పోతుంది. ప్లగ్గులు బీకేఆర్6ఈ-11, గ్యాప్ 1.0 నుంచి 1.1, చేత్తో మొదలుపెట్టి చివర 15 నుంచి 23 న్యూటన్ మీటర్లు.

వెనక కారుతున్న నూనె

తల వెనక, ఫైర్‌వాల్ వైపు నూనె తడి కనిపిస్తే చాలామంది వెనక మెయిన్ సీలు పోయిందని గేర్‌బాక్సు దించడానికి సిద్ధపడతారు. ఎన్‌ఏలో ముందు చూడాల్సింది క్యామ్ యాంగిల్ సెన్సర్ ఓ-రింగ్. అది గట్టిపడి ప్లాస్టిక్‌లా అయిపోతుంది. నూనె తల వెనక నుంచి హీటర్ హోసుల మీదికి, అక్కడి నుంచి బెల్‌హౌసింగ్ మీదికి దిగుతుంది. కింద నుంచి చూస్తే అచ్చం మెయిన్ సీలు లీకే. హోసులు నూనెలో నాని ఉబ్బితే వాటినీ మార్చాలి.

సెన్సర్ తీసే ముందు దాని ఒంటికీ తలకూ కలిపి గీత గీసుకోవాలి. ఓ-రింగ్ మార్చి ఆ గీతకే పెట్టినా టైమింగ్ లైటుతో చూసుకోవాలి: డయాగ్నొస్టిక్ పెట్టెలో టీఈఎన్, జీఎన్‌డీ రెండు పిన్నులనూ తీగతో కలిపి, ఇంజన్ వేడిగా, ఐడిల్ 850 చుట్టూ ఉన్నప్పుడు, పిస్టన్ పై కొసకు చేరడానికి 10 డిగ్రీలు ముందు రావాలి. తీగ కలపకుండా చూస్తే కంప్యూటర్ తనే టైమింగ్ కదుపుతుంటుంది, ఆ లెక్కకు అర్థం లేదు.

గేరు రాడ్డు కింద చిన్న నూనె గిన్నె

ఎన్‌ఏ, ఎన్‌బీ అయిదు గేర్ల బాక్సుల్లో గేరు రాడ్డు కూర్చునే చోట గేర్‌బాక్సు నూనెతో సంబంధం లేని వేరే చిన్న గిన్నె ఉంటుంది. గేర్‌బాక్సు నూనె ఎన్నిసార్లు మార్చినా ఈ గిన్నెలో నూనె మారదు. రాడ్డు బిరుసుగా, పట్టిపట్టి కదిలిందంటే మొదట చూడాల్సింది ఇదే.

పై కన్సోల్, పై బూటు తీశాక కింద చిన్న రబ్బరు బూటు కనిపిస్తుంది. పాత కార్లలో అది చీలి ఉంటుంది, మనదీ చీలే ఉంది. ఎగ్జాస్ట్ వేడి, దుమ్ము నేరుగా లోపలికి పోతాయి. బోల్టులు తీసే ముందు చుట్టూ వాక్యూమ్ పెట్టి గుడ్డతో తుడిచి తీరాలి, లోపల పడ్డ ఇసుక రేణువు నేరుగా నూనెలోకే పోతుంది. రాడ్డు పైకి లాగితే కొసన నైలాన్ బుష్ ఉంటుంది. మనది రెండు ముక్కలై వచ్చింది. పాత నూనెను సిరంజికి గొట్టం తొడిగి లాగేశాం, నల్లగా, తారులా జిగురుగా ఉంది. కొత్తది 80 నుంచి 95 మిల్లీలీటర్లు. కొత్త బుష్, కొత్త కింది బూటు. ఇంత చిన్న పనికి రాడ్డులో వచ్చే తేడా చూస్తే ఏ ఎన్‌ఏ కొన్నా మొదటి వారంలోనే చేయాల్సిన పని ఇదేననిపిస్తుంది.

గేర్‌బాక్సులో 2 లీటర్లు 75డబ్ల్యూ-90, జీఎల్-4 రకం. జీఎల్-5 పోయొద్దు. అందులోని గంధకం కలిసిన రసాయనాలు ఇత్తడి సింక్రో రింగులకు (గేరు మారేటప్పుడు వేగాలు కలిపే రింగులకు) మంచివి కావు, పైగా రింగు పట్టుకోవాల్సిన చోట జారిపోతుంది. జీఎల్-5 డిఫరెన్షియల్‌కు. 1.6 కారు డిఫరెన్షియల్‌కు 0.65 లీటరు, 1.8 వాటికి 1 లీటరు. ఏ పెట్టెకైనా ముందు నూనె పోసే పై ప్లగ్గు వదలాలి, తర్వాతే నూనె దించే కింది ప్లగ్గు. పై ప్లగ్గు రాదని నూనె దించేశాక తెలిస్తే బండి అక్కడే కూర్చుంటుంది.

ఎన్‌బీ: కొస బలమైనదే, చూడాల్సింది వేరు

1998లో వచ్చిన ఎన్‌బీకి ముడుచుకునే హెడ్‌లైట్లు పోయాయి. కింద మాత్రం చాలా వరకు ఎన్‌ఏనే. క్రాంక్ కొస పొడవుది, బోల్టు బిగువు 157 నుంచి 166. కీ గాడి బాధ లేదు. దాని బదులు పుల్లీ వెనక నాలుగు పళ్ల రేకు ఒకటి ఉంటుంది. క్రాంక్ సెన్సర్ ఆ పళ్లను చూసే ఇంజన్ నడుపుతుంది. బెల్టు పని చేసేటప్పుడు ఈ రేకును స్క్రూడ్రైవర్‌తో వంచడం, తిరగేసి పెట్టడం రెండూ మామూలే. పన్ను వంగితే ఒక్కో చుట్టులో ఒక్క మిస్‌ఫైర్ వస్తుంది, ప్లగ్గులు, కాయిల్స్, ఇంజెక్టర్లు మార్చినా పోదు. తిరగబడితే అసలు స్టార్టే కాదు. తీసేటప్పుడే బయటి ముఖం మీద పెయింటు చుక్క పెట్టుకోవాలి. సెన్సర్‌కూ పంటికీ మధ్య ఖాళీ 0.5 నుంచి 1.5 మి.మీ. ఉండాలి. నాలుగు పళ్ల దగ్గరా ఫీలర్ గేజీ పెట్టి చూశాం, ఒక పన్ను దగ్గర 1.4 వచ్చింది, మిగతా మూడింటికీ 1.0. ఆ రేకు కొద్దిగా వంగి ఉందన్నమాట. కొత్తది తెప్పించాలి.

1999, 2000 కార్ల 1.8 ఇంజన్లలో థ్రస్ట్ బేరింగ్ (క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపేది) అరగడం తెలిసిన రోగం. చూడడం తేలిక. పుల్లీ ముఖానికి డయల్ గేజీ ఆనించి ఒకరు క్లచ్ తొక్కి వదలాలి. క్లచ్ బేరింగ్ ఫ్లైవీల్‌ను ముందుకు తోస్తుంది, క్రాంక్ ఎంత ముందుకొస్తే సూది అంత కదులుతుంది. 0.30 మి.మీ. హద్దు. మనకు 0.17 వచ్చింది, దిగులు లేదు. గేజీ లేకుండా కంటికే పుల్లీ కదలిక కనిపిస్తే బెల్టు పని పక్కన పెట్టి ముందు ఇంజన్ సంగతి తేల్చుకోవాలి.

ఎన్‌ఏలో టకటక మోత వచ్చేది హైడ్రాలిక్ లాష్ అడ్జస్టర్ల (నూనె ఒత్తిడితో వాల్వు ఖాళీని తామే సర్దుకునేవి) నుంచి. నూనె మార్చి, అది లోపలికి ఎక్కేదాకా నడిపితే చాలాసార్లు తగ్గుతుంది. ఈ 1.8 ఎన్‌బీలో ఆ హైడ్రాలిక్‌లు లేవు, వాల్వు మీది బకెట్ పైన షిమ్‌లు, అంటే ఖాళీ సర్దే పలుచని బిళ్లలు, ఉంటాయి. ఇక్కడ మోతకు నూనె మార్చి ఎదురుచూడడం వృథా, కొలవాల్సిందే. ఇంజన్ చల్లగా ఉండగా వాల్వు ఖాళీ ఇన్‌టేక్ 0.18 నుంచి 0.24, ఎగ్జాస్ట్ 0.28 నుంచి 0.34. ఒక ఇన్‌టేక్ వాల్వు 0.27 చూపింది. కొత్త షిమ్ మందం లెక్క తేలికే: పాత షిమ్ మందానికి, కొలిచినది నుంచి 0.21 తీసేయగా మిగిలింది కలపాలి. పాతది 2.80, తేడా 0.06, కాబట్టి 2.86. ఎగ్జాస్ట్‌కైతే 0.21 చోట 0.31. షిమ్ మీద అంకె చెరిగిపోయి ఉంటుంది, మైక్రోమీటర్‌తోనే కొలవాలి.

క్లచ్ స్లేవ్ సిలిండర్ (పెడల్ ఒత్తిడితో క్లచ్‌ను తోసేది) కూడా ఇక్కడే తగిలింది. ఎన్‌ఏ, ఎన్‌బీ రెండింటికీ అది తరచూ పోయేదే. గేర్‌బాక్సు పక్కన కింద రెండు 12 మి.మీ. బోల్టులతో ఉంటుంది. రబ్బరు మూత ఒక పక్కకు తొలగించి చూస్తే లోపల తడి ఉంటే సీలు పోయినట్టే, బయటికి కారకపోయినా సరే. పైపు నట్టుకు మామూలు స్పానర్ వాడితే 10 మి.మీ. తల గుండ్రమవుతుంది, ఫ్లేర్ నట్ స్పానర్ ఉండి తీరాలి. స్లేవ్ మార్చిన కొన్నాళ్లకే పై మాస్టర్ సిలిండర్ కూడా కారడం మొదలవుతుంది. కొత్త సీలుతో వచ్చే ఒత్తిడిని పాత సీలు ఓర్చుకోదు. రెండూ కలిపి మార్చడం మేలు.

వెనక బ్రేకుల దగ్గర చేసే తప్పు

ఎన్‌ఏ, ఎన్‌బీ వెనక క్యాలిపర్ పిస్టన్‌ను క్లాంపుతో నొక్కితే లోపలికి పోదు. తిప్పే పరికరంతో బలవంతం చేస్తే లోపలి స్క్రూ విరుగుతుంది. హ్యాండ్‌బ్రేక్ యంత్రాంగం పిస్టన్ వెనకే ఉండడం దీనికి కారణం. క్యాలిపర్ వెనక 14 మి.మీ. తల ఉన్న మూత బోల్టు తీస్తే లోపల 4 మి.మీ. అలెన్ కీ పట్టే స్క్రూ కనిపిస్తుంది. గడియారానికి ఎదురు దిక్కుకు తిప్పితే పిస్టన్ వెనక్కి వస్తుంది. కొత్త ప్యాడ్లు వేశాక గడియారం దిక్కుకు తిప్పుతూ డిస్క్ కదలకుండా పట్టేదాకా బిగించి, అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి వదలాలి. ఇది చేయకుండా హ్యాండ్‌బ్రేక్ కేబుల్‌ను బిగించి సరిపెడితే ప్యాడ్లు రాసుకుంటూ పోతాయి, వెనక చక్రాలు వేడెక్కుతాయి. కేబుల్ చివర సర్దాల్సింది, మొదట కాదు. హ్యాండిల్ 5 నుంచి 7 నొక్కుల్లో పట్టాలి. వెనక డిస్క్ కొత్తది 9 మి.మీ., 7కి వస్తే పారేయాలి.

నీళ్లు పోయే దారి

గుడ్డ టాపు వెనక అంచున పడ్డ వాన నీరు సీటు బెల్టు స్తంభాల వెనకున్న రంధ్రాల గుండా కిందికి దిగి పోవాలి. ఆకులు, మట్టి చేరి అవి మూసుకుపోతే నీళ్లు తలుపు కింది సిల్ పెట్టెలోనే నిలిచిపోతాయి. వెనక చక్రం ముందు సిల్ లోపలి నుంచి తుప్పు పట్టి, బయట పెయింటు ఉబ్బే వేళకు లోపల రేకే మిగలదు. గట్టి తీగ పెట్టి పొడవొద్దు, లోపల గొట్టం చిరుగుతుంది. గడ్డి కోసే యంత్రానికి వాడే నైలాన్ తాడు మెత్తగా వంగుతూ పోతుంది. తర్వాత చెంబుతో నీళ్లు పోసి కింద అంతే వేగంగా బయటికొస్తోందో లేదో చూడాలి.

ఎన్‌బీకి దీనితో పాటు ముందు ఛాసిస్ రైళ్లు (బండి కింద పొడవునా ఉండే రేకు దూలాలు) కూడా చూడాలి. రెండు పొరల రేకు మధ్య తేమ నిలిచి లోపలి నుంచి తినేస్తుంది. కింద నుంచి స్క్రూడ్రైవర్ పిడితో తట్టుకుంటూ పోవాలి. ఖంగుమన్న చోట మంచిది, మొద్దుగా మోగిన చోట గోకి చూడాలి. మనది ఎడమ రైలు కొసన మొద్దుగా మోగింది. గోకి చూస్తే పై పొర మాత్రమే పోయింది, వెల్డింగ్‌కు రాసిపెట్టుకున్నాం. పాత కారు కొనేటప్పుడు అయస్కాంతం పట్టుకుని తిరిగేవాళ్లకు ఒక మాట: ఎన్‌ఏ బానెట్ అల్యూమినియం, అయస్కాంతం అంటుకోకపోవడం పుట్టీ గుర్తు కాదు. నాలుగో తరం ఎన్‌డీలో బానెట్, డిక్కీ మూత, ముందు ఫెండర్లు కూడా అల్యూమినియమే.

ఎన్‌సీ: కీ అనేదే లేదు

2005లో వచ్చిన ఎన్‌సీ ఇంజన్‌కు టైమింగ్ బెల్టు లేదు, గొలుసు. చాలామంది దీన్ని ఇంట్లో చేయలేని కారనుకుంటారు. అది తప్పు. గొలుసు మార్చాల్సిన అవసరమే అరుదు. కానీ ముందు క్రాంక్ సీలు కారుతుంది, అప్పుడు పుల్లీ తీయాలి. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ ఇంజన్‌లో క్రాంక్ చక్రానికి కీ లేదు, గాడీ లేదు. పుల్లీ, గొలుసు చక్రం, నూనె పంపు గొలుసు చక్రం అన్నీ ఒకే బోల్టు ఒత్తిడితో ఒకదానికొకటి పట్టుకుని ఉంటాయి. బోల్టు వదులైన క్షణంలోనే క్రాంక్‌కూ క్యామ్‌లకూ సంబంధం తెగిపోతుంది. పుల్లీ మీద గీత గీసుకుని తిరిగి అదే గీతకు బిగిస్తే సరిపోతుందనుకోవడం ఎన్‌ఏ నేర్పిన అలవాటు. ఈ ఇంజన్‌లో వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, టైమింగ్ కొద్దిగా జారినా వాల్వులు వంగుతాయి. నూనె పంపు కూడా ఆ బోల్టు మీదే ఆధారపడింది కాబట్టి తక్కువ బిగిస్తే నూనె ఒత్తిడి కూడా పోయే ప్రమాదముంది.

అందుకే మూడు లాకులు. అసలు పనిముట్లే వాడాలి, చేతికి దొరికిన బోల్టు ముక్కలతో కాదు.

వాల్వు కవరు, ప్లగ్గులు, బయటి బెల్టు తీసి, క్రాంక్‌ను మొదటి సిలిండర్ పిస్టన్ పై కొసకు వచ్చే ముందు దాకా తెచ్చాం. బ్లాకు పక్కనున్న మూత ప్లగ్గు తీసి అక్కడ టైమింగ్ పిన్ను ఎక్కించాం. తర్వాత క్రాంక్‌ను మెల్లగా గడియారం దిక్కుకు తిప్పితే పిన్నుకు ఆనుకుని ఆగుతుంది. అది ఆగే చోటు మాత్రమే, పట్టి ఉంచే తాళం కాదు, వెనక్కి తిప్పితే క్రాంక్ కదిలిపోతుంది. రెండోది 5 మి.మీ. మందం చదునైన ప్లేటు. రెండు క్యామ్‌ల వెనక కొసల గాడుల్లోకి ఒకేసారి జారాలి. జారకపోతే క్యామ్‌లు అటు తిరిగి ఉన్నాయని అర్థం. పిన్ను తీసి ఒక పూర్తి చుట్టు తిప్పి మళ్లీ చూడాలి. మూడోది పుల్లీ రంధ్రం గుండా ముందు కవరులోకి వెళ్లే ఎమ్6 బోల్టు, వేళ్లతో మాత్రమే బిగించేది. అది పుల్లీని కోణంలో నిలపడానికే.

ఈ మూడు లాకుల మీద బోల్టు బిగువు పడకూడదు. పుల్లీని విడిగా హోల్డర్ పరికరంతో పట్టుకునే వదులు చేయాలి. ఎమ్6 బోల్టును నమ్ముకుని గుంజితే కవరే పగులుతుంది. క్యామ్ ప్లేటును నమ్ముకుంటే క్యామ్ వెనక కొస విరుగుతుంది.

కొత్త సీలు పెదవికి ఇంజన్ నూనె రాసి, కవరు ముఖానికి సమంగా దిగేలా అదే వ్యాసం సాకెట్‌తో తట్టాం. బోల్టు కొత్తదే, సాగి పట్టే రకం, పాతది తిరిగి వాడకూడదు. బిగువు 96 నుంచి 104 న్యూటన్ మీటర్లు, దాని పైన 87 నుంచి 93 డిగ్రీలు. కోణాన్ని కంటితో అంచనా వేయొద్దు, యాంగిల్ గేజీ వాడాలి, లేదంటే సాకెట్ మీదా పుల్లీ మీదా పెయింటు గీతలు గీసుకోవాలి. తర్వాత మూడు లాకులూ తీసి, చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, పిన్నూ ప్లేటూ ఎమ్6 బోల్టూ మళ్లీ ఎక్కుతాయో లేదో చూశాం. మూడూ ఎక్కాయి. ఒక్కటి ఎక్కకపోయినా స్టార్ట్ చేయకుండా బోల్టు మళ్లీ వదలాలి, అప్పుడు ఇంకో కొత్త బోల్టు కావాలి. అందుకే రెండు తెప్పించుకోవడం మంచిది. చివర బ్లాకు మూత ప్లగ్గు తిరిగి పెట్టడం మర్చిపోవద్దు, అక్కడి నుంచి నూనె కారుతుంది.

చక్రాల సంగతి చిన్న మాట. ఎన్‌ఏ, ఎన్‌బీ, ఎన్‌డీ నాలుగు బోల్టులు, 100 మి.మీ. వలయం, మధ్య రంధ్రం 54.1. ఎన్‌సీ ఒక్కటే అయిదు బోల్టులు, 114.3, మధ్య రంధ్రం 67.1. నట్టు మర అన్నింటికీ ఎమ్12, 1.5 పిచ్. ఎన్‌ఏ నట్లకు 88 నుంచి 118 న్యూటన్ మీటర్లు.

మూడింటికీ ఒకేలా వర్తించేది సస్పెన్షన్ బోల్టుల నియమం. సస్పెన్షన్ ఆర్మ్‌ల పివట్ బోల్టులను చక్రాలు గాల్లో ఉండగా చివరి బిగువుకు తేవొద్దు. బండి కింద దిగి బరువు చక్రాల మీద పడ్డాకే బిగించాలి. లేకపోతే రబ్బరు బుష్‌లు ఎప్పుడూ మెలితిరిగిన స్థితిలోనే ఉండి తొందరగా చీలతాయి, బండి ఎత్తు కూడా తప్పుగా నిలుస్తుంది. క్యాంబర్ (చక్రం నిలువు వాలు) సర్దే ఎక్సెంట్రిక్ బోల్టులు బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అంటుకుని ఉంటాయి. వాటిని పట్టి తిప్పే ముందు చొరబడే నూనె పోసి రాత్రంతా వదిలేయడం, అయినా రాకపోతే బోల్టు కోసి బుష్‌తో సహా మార్చడమే దారి.

ఎన్‌డీ గురించి ఎందుకు లేదంటే, ఈ షెడ్డులో ఆ కారు లేదు. ఉన్నవాళ్లకు ఒక్కటే జాగ్రత్త చెప్పాలి. దాని ఇంజన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి ఇంజెక్ట్ అవుతుంది, ఇంజెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టంలో ఒత్తిడి 20 మెగాపాస్కల్ స్థాయిలో ఉంటుంది. ఎన్‌ఏలో లాగా పంపు ఆపి పైపు వదులు చేస్తే ఆ చిమ్మే పెట్రోలు చర్మంలోకి దూరుతుంది. ఆ వైపు పైపుల జోలికి వెళ్లే ముందు సర్వీస్ పుస్తకంలో ఒత్తిడి దించే పద్ధతి చదివి తీరాలి.

మిగిలిన పనులు: ఎన్‌బీకి కొత్త క్రాంక్ రేకు, 2.86 షిమ్ ఒకటి, క్లచ్ మాస్టర్, ఎడమ రైలు వెల్డింగ్. ఎన్‌ఏకు వెనక బ్రేకుల సర్దుబాటు, పుల్లీ ఐడిల్‌లో ఊగుతుందా అని ఇంకోసారి పరీక్ష. ఎన్‌సీ కింద కాగితం పరిచి పెట్టాం, సీలు దగ్గర నూనె చుక్క పడితే దాని మీద కనిపిస్తుంది.